అగ్యా దపా పక్క కుర్చీ

అగ్యా దపా పోయాడని రేడియోలో చెప్పినప్పుడు మా సువామే వీధిలో ఎవరూ ఏడవలేదు. నవ్వారు. డెబ్భై నాలుగు సినిమాల్లో చచ్చిపోయిన మనిషి ఆయన. విషం తాగి చచ్చాడు, పాము కరిచి చచ్చాడు, దుంగల లారీ కింద పడి చచ్చాడు, సొంత అన్న చేయించిన చేతబడికి మూడుసార్లు చచ్చాడు. చచ్చిన ప్రతిసారీ రెండో భాగంలో లేచి వచ్చాడు. అందుకని టైర్లకి పంక్చర్లు వేసేవాళ్ళు "రెండో భాగం ఎప్పుడట?" అని ఒకరినొకరు అడిగి పగలబడి నవ్వుకున్నారు. ఆసుపత్రి గేటు ముందు చావుకి కట్టే ఎర్రగుడ్డలు తలకి చుట్టుకున్న జనం పోగయ్యారని మధ్యాహ్నం ట్రోట్రో వ్యాన్ల డ్రైవర్లు వచ్చి చెప్పాక గానీ వాళ్ళ నోళ్ళు మూతపడలేదు. ఆ తర్వాత ఏడ్చారు. మా కుమాసికి ఏడుపు ఎవరూ నేర్పక్కర్లేదు.

నా పేరు ఆంట్వి. సినిమా బొమ్మలు వేస్తాను. గోధుమపిండి బస్తాలు విప్పి, ఉతికి, రెండేసి కలిపి కుట్టి, వాటి మీద రంగులు పూస్తాను. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో ఏ వీడియో హాలు ముందు అగ్యా దపా మొహం వేలాడినా అది నా చేతి పనే. జనానికి ఆయన అయ్య, అందుకే అగ్యా. నాకు అన్న. ప్రతి ఆదివారం ఆయన ఇంట్లో వేరుశనగ పులుసులో అన్నం ముద్దలు ముంచుకు తిని పెంచిన పొట్ట నాది. వడ్డించింది ఆయన భార్య, అబెనా ఫ్రెమా. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనిని తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

ఫ్రెమా వదిన మెకానిక్ షెడ్ల దగ్గర కాల్చిన అరటికాయలు, వేయించిన వేరుశనగలు అమ్ముతుంది. వాళ్ళకి పిల్లలు లేరు. సినిమాల్లో మాత్రం ఆయనకి పదకొండుమంది. తెర మీద భార్య కూడా వేరే. వివియన్ అచియా. పంతొమ్మిదేళ్ళు ఏ సినిమా తీసినా ఆయన పక్కన ఆవిడే. ఇద్దరికీ ఇరవై రెండుసార్లు పెళ్ళయింది, ఆరుసార్లు విడాకులయ్యాయి, ఒకసారి ఆవిడ తన కిడ్నీ తీసి ఆయనకిచ్చింది. జనం లెక్కలో ఇంతకంటే రుజువైన కాపురం అసాంటే సీమ మొత్తం మీద లేదు.

ఒకసారి అన్న, వదిన కలిసి బజారుకి వెళ్ళారు. ఎండుచేపలమ్మే ఆవిడ వాళ్ళని చూడగానే తట్ట మీద గోనె కప్పేసింది.

"నీకమ్మను ఫో," అంది వదినతో. "పచ్చని సంసారంలో నిప్పులు పోసేదానివి." తర్వాత అన్న వైపు తిరిగింది. "ఇంట్లో బంగారంలాంటి పెళ్ళాన్ని పెట్టుకుని దీని వెంట తిరుగుతావేంటయ్యా? కిడ్నీ ఇచ్చి నెల కాలేదు. ఆ కుట్లన్నా ఆరనియ్."

మా అన్న ఏం చేశాడనుకున్నారు? తల వంచుకుని, "తప్పయిపోయిందమ్మా," అన్నాడు. అలవాటు అలాంటిది. వదిన ఇంటికొచ్చి చేపలు లేకుండానే పులుసు కాచింది. ఆ పూట నేను కూడా తిన్నాను, పైగా రుచి తగ్గిందని అన్నాను.

అసలు భార్యని బయట తిప్పితే సినిమా ఆడదని నిర్మాతలు ఆయనకి ముందే చెప్పారు. ఆయన తల ఊపాడు. మంచివాడే, కాకపోతే తల ఊపే విషయంలో ఆయనకి పిసినారితనం లేదు. వదిన కూడా ఒప్పుకుంది. ఒకే ఒక్క మాట అడిగింది, నా ఎదురుగానే.

"బతికున్నన్నాళ్ళూ నేను వెనకే కూర్చుంటాను. నువ్వు పోయిన నాడు మాత్రం ముందు కుర్చీ నాది. ఆ ఒక్కరోజూ ఎవరినీ అడ్డం రానివ్వకు."

"పోయాక నేనెలా చూసేదే?"

"ఆంట్వి ఉన్నాడుగా."

నా నోటినిండా ముద్ద ఉంది. నేనూ తల ఊపాను.

మాలో చావుకి ముందు కుర్చీ అంటే ఆషామాషీ కాదు. పెళ్ళికి నలుగురొస్తే చాలు, చావుకి ఊరు రావాలి. పందిళ్ళ కింద వరసల్లో కూర్చున్నవాళ్ళందరి చేతులూ పట్టుకుంటూ జనం ఒక చుట్టు తిరుగుతారు. మొదటి వరసలో మొదటి కుర్చీలో కూర్చున్న ఆడమనిషి భార్య. ఆ రోజు అక్కడ కూర్చోనిది ముప్పై ఏళ్ళు కాపురం చేసినా ఊరి కళ్ళకి భార్య కాదు. వదినకి కావలసింది డబ్బూ కాదు, పేరూ కాదు. ఆ కుర్చీ.

అన్న పోయిన మూడోరోజు బనహెనె నా కొట్టుకి వచ్చాడు. కెజెటియా బజారులో ఫోన్ ఛార్జర్లు అమ్ముతాడు, అగ్యా దపా అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. మెడలో ఐదు ఫోన్ల తీగలు ఎప్పుడూ వేలాడుతుంటాయి.

"మాస్టారూ, పదహారడుగుల బొమ్మ కావాలి. వారం రోజుల దినానికి ఇంటి ముందు కట్టాలి. మధ్యలో అయ్య. పక్కన భార్య ఏడుస్తా ఉండాలి. ఏడుపు దూరం నించి కూడా కనపడాలి."

రెండ్రోజులు నిద్రాహారాలు మాని వేశాను. అన్న కళ్ళు వేస్తుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. భార్య దగ్గరికొచ్చేసరికి చెయ్యి తనంతట తానే పరుగెత్తింది. చెవులకి గుండ్రటి పోగులు, చెంప మీద మూడు చుక్కలు కన్నీళ్ళు. బొమ్మ కట్టారు. జనం ఆహా అన్నారు. ఫోసు పెద్దాయన వచ్చి, చేతికర్ర ఆనించి నిలబడి చాలాసేపు చూశాడు. ఆయన అన్నకి మేనమామ, వంశానికి పెద్ద. మాలో మనిషి బతికున్నప్పుడు ఎవరిదైనా, చచ్చాక మేనమామది.

"కన్నీళ్ళు కారతన్నట్టే ఉన్నాయిరా," అన్నాడు ఆయన మెచ్చుకోలుగా.

సాయంత్రం వదిన షెడ్ల దగ్గర్నించి వచ్చింది. మొగుడు పోయినా కాల్చిన అరటికాయల పొయ్యి ఆర్పలేదు, శవాగారం రోజుకింత అడుగుతుంది మరి. నెత్తి మీద బేసిన్ దించకుండానే బొమ్మ వైపు చూసింది.

"పోగులు బాగా కుదిరాయి ఆంట్వీ," అని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు తలెత్తి చూశాను. అన్న పక్కన ఏడుస్తున్నది వివియన్. పదహారడుగుల ఎత్తున, నా చేత్తో, నా సంతకంతో. పాతికేళ్ళు ఎవరి చేతి కూడు తిన్నానో ఆ మొహం నా చేతికి రాలేదు. ఇంతమంది చూశారు, మేనమామ చూశాడు, ఒక్కరికీ తేడా తెలియలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

మర్నాడు వదిన ఇంటికి వెళ్ళి, మళ్ళీ వేస్తానన్నాను. ఆమె అరటికాయల తొక్కలు తీస్తోంది.

"బొమ్మ పోతే పోనీ. ఆ సంఘంవాళ్ళు బొమ్మతో ఆగరు. కుర్చీ సంగతి చూడు."

ఆమె అన్నట్టే అయింది. వారం దినం నాడు అభిమానుల సంఘం నలభైమందితో, రెండు సీసాల విదేశీ సారాతో పెద్దాయన ముందుకి వచ్చింది. సంఘం కార్యదర్శి ఒపొకు బడిపంతులు. బొమ్మలో ఉన్నట్టే శనివారం పూడ్చేనాడు కూడా జరగాలని వాళ్ళ కోరిక.

"పెద్దాయనా, మేం ఎవరి మొగుణ్ణీ ఎవరి దగ్గర్నించీ లాక్కోడానికి రాలేదు," అన్నాడు బనహెనె. "ఒక్క శనివారం. ఒబువాసి నించి బస్సులొస్తున్నాయి, సున్యాని నించి వస్తున్నాయి, అబిజాన్ నించి కూడా దిగుతున్నారు. వీళ్ళంతా ఎవర్ని ఓదార్చడానికొస్తున్నారు? వివియన్ అమ్మని. ఆ కుర్చీలో ఇంకో మనిషి కనపడితే రాళ్ళు లేస్తాయి. ఆ దెబ్బలు ఈవిడకి తగలడం మాకిష్టం లేదు."

దయ అంటే అదీ.

ఫోసు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఈ ఫ్రెమాని మావాడికి అడగడానికి సారా సీసాలు పట్టుకెళ్ళింది నేనేరా. ముప్పై ఒక్క సంవత్సరం అయింది."

"కాదనట్లేదండి," అన్నాడు ఒపొకు వినయంగా. "ఇటు ఒక్క పెళ్ళి. అటు ఇరవై రెండు. అందరూ చూసినవి."

నాకు ఒళ్ళు మండింది. "ఆరు విడాకులు తీసెయ్ పంతులూ."

"తీసేశాను. పదహారు."

నలభైమందీ తలలు ఊపారు. వీళ్ళని పిచ్చివాళ్ళంటారా? కాదు. బనహెనె గత ఏడాది అన్నకి జబ్బు చేస్తే మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. ఒపొకు తన జీతంలో నుంచి మందులు కొన్నాడు. ప్రేమ నిజమే. ఎవరి మీద అన్నదే తేలదు.

ఒపొకు సంచిలోంచి కాగితాలు తీశాడు. చావు రోజు పంచే పుస్తకం. బొమ్మలు, బతుకు కథ, బంధువులు రాసిన మాటలు. అందులో 'భార్య మాట' అన్న పేజీ గొంతెత్తి చదివాడు. "నాథా, నువ్వు నన్ను మొదటిసారి చూసింది నది ఒడ్డున. నీ చేతిలో కత్తి, నా నెత్తిన కుండ. నీళ్ళలో మొసలి..."

"అది ఆ మొసలి సినిమాలోది కదా," అన్నాను.

"రెండో భాగం," అన్నాడు ఒపొకు. "మొదటి భాగంలో అంత కుదర్లేదు." పేజీ తిప్పాడు. "చివరి మాటలు కూడా ఇందులోనే ఉన్నాయి. 'నా పొలం పేదలకి పంచండి' అని కన్నుమూశారు."

"ఆయనకి పొలం లేదు," అంది వదిన.

అంతవరకూ ఆమె అక్కడ కూర్చుందని ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

"చివరి రాత్రి ఆసుపత్రిలో నేనొక్కదాన్నే ఉన్నా. ఆయన ఏమన్నాడో మీరెవరూ నన్నడగలేదే?"

ఒపొకు నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో, పుస్తకం అచ్చుకి వెళ్ళిపోయిందమ్మా."

నేను లేచాను. అన్న ఇచ్చిన మాట చెప్పాను, నేను తల ఊపిన సంగతి చెప్పాను. ఆ కుర్చీ ఫ్రెమాది, దానికి నేను సాక్షిని అన్నాను. బాగానే మాట్లాడాననుకున్నాను. బనహెనె ఇంటి ముందు వేలాడుతున్న బొమ్మ వైపు వేలు చూపించాడు.

"మాస్టారూ, మీకే తెలిస్తే ఆ బొమ్మ ఎవరేశారు?"

కూర్చున్నాను. ఇంకేం మిగిలింది నా సాక్ష్యం?

ఫోసు పెద్దాయన సీసాల వంక చూశాడు, నలభైమంది వంక చూశాడు, చివరికి తీర్పు చెప్పాడు. ఊరి భార్య ముందు వరసలో, ఇంటి భార్య మూడో వరసలో. ఆయన బాధ ఆయనది. ఎన్ని పందిళ్ళు నిండితే మేనమామకి అంత గౌరవం. ఆయన తమ్ముడి చావుకి రెండు పందిళ్ళు కూడా నిండలేదని ఊరు ఇంకా చెప్పుకుంటుంది.

ఇక మిగిలింది వివియన్. బంటామాలో జడలు అల్లించుకుంటుంటే పట్టుకున్నాను. సగం తల అల్లారు, సగం తల నక్క తోకలా లేచి ఉంది.

"రా మాస్టారూ," అంది. "నీ బొమ్మ చూశా. నా ముక్కు కాస్త తగ్గించావు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

"ఆ కుర్చీలో కూర్చోవద్దు వివియన్. అది ఫ్రెమాది."

"నాకు తెలీదా? ఆవిడ చేతి అరటికాయలు షూటింగుల్లో ఎన్ని తిన్నానో." అల్లే అమ్మాయి జుట్టు లాగితే కళ్ళు మూసుకుంది. "నాకు మొగుడున్నాడు మాస్టారూ. టాఫోలో లాటరీ నెంబర్లు చెబుతాడు. వాడి పక్కన నడిస్తే జనం వాణ్ణి కొట్టబోతారు. ఇంట్లోంచి వెనక దారిన బయటికొస్తాడు పాపం. ఇప్పుడు నేను ఆ కుర్చీలో కూర్చోనన్నానే అనుకో, మొగుడు చస్తే ఏడవని మనిషి అంటారు. ఇంకో సినిమాకి పిలుస్తారా నన్ను? నాకు నలభై ఎనిమిది. నా దగ్గర ఇంకేం ఉంది, ఏడుపు తప్ప?"

"ఆవిడ అడిగింది ఆ ఒక్కటే."

"నేనేం తీసుకుపోతానా? కూర్చుంటా, ఏడుస్తా, లేచెళ్ళిపోతా. బాగా ఏడుస్తానని చెప్పు ఆవిడకి. ఆయనకి తక్కువ చెయ్యను."

ఆ మాట వదినకి చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?

శనివారం పొద్దున అన్నని ఇంటి ముందు పెద్ద ఇత్తడి మంచం మీద పడుకోబెట్టారు. పట్టుదారంతో నేసిన కెంటే గుడ్డ కప్పారు. ఎండ ఇంకా ఎక్కలేదు. పది పందిళ్ళు, పన్నెండు లౌడుస్పీకర్లు. సంఘం వాళ్ళందరి చొక్కాల మీదా అన్న మొహమే. బొజ్జ ఉన్నవాళ్ళ మీద ఆయన నవ్వుతున్నాడు, లేనివాళ్ళ మీద ముడతలు పడ్డాడు. ముందు వరసలో మొదటి కుర్చీకి ఎర్రగుడ్డ చుట్టారు. అందులో వివియన్. ఆవిడ ఏడుపు గురించి చెప్పాలంటే నాకు మాటలు చాలవు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత గొంతు విరిగింది, తర్వాత ముందుకి తూలితే నలుగురు పట్టుకున్నారు. పందిళ్ళన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. అబిజాన్ నుంచి వచ్చిన ఒకామె సొమ్మసిల్లింది. మూడో వరసలో, స్తంభం వెనక, వదిన ఒళ్ళో ఒక సత్తు బేసిన్ పెట్టుకుని కూర్చుంది.

పది గంటలకి అన్న పెద్దక్క బ్రాగో లేచింది. ఎనభై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం ఇనుము. పెట్టె మూసేముందు జరగాల్సిన పని ఒకటుంది. భార్య వచ్చి దారి బత్తెం ఇవ్వాలి. సబ్బు, ఒళ్ళు రుద్దుకునే పీచు, తువ్వాలు, రుమాలు, దువ్వెన. అవి చేతికిచ్చి, ఇక నీ దారి నీది, నా దారి నాది అని చెప్పాలి. ఎవరి చేత్తో ఇస్తారో, పై లోకంలో ఆయనకి భార్య ఆమె. ఆ లోకంలో సినిమాలు ఆడవు. అక్కడివాళ్ళకి వేషం తెలియదు.

"భార్య రావాలి," అంది బ్రాగో.

మైకులో బనహెనె అందుకున్నాడు. "భార్య రావాలి. వివియన్ అమ్మ ముందుకి రావాలి."

వివియన్ ఏడుపు ఠక్కున ఆగింది. కుళాయి కట్టేసినట్టు. కుర్చీలోంచి సగం లేచి, అలాగే ఉండిపోయింది.

"రావే," అంది బ్రాగో. "మంచం దగ్గిరికి రా. ఇచ్చెయ్యి. తర్వాత ఏడాది నల్లబట్ట, ఏడాది వేరే మగాడి నీడ సోకకూడదు, ఆట లేదు, పాట లేదు. రాత్రిళ్ళు ఆయనొచ్చి తలుపు కొడితే పలకకూడదు. రా."

"అమ్మా, ఏడాదా?" అంది వివియన్ చిన్న గొంతుతో. మైకు దగ్గర్లోనే ఉంది, పది పందిళ్ళకీ వినపడింది.

"మాలో ఏడాదే. మీ వాళ్ళలో ఎంత?"

సరిగ్గా అప్పుడు ఏడో పందిరి కింద ఒక సన్నటి మనిషి కుర్చీ మీదికి ఎక్కి నిలబడ్డాడు. "వివియన్, నువ్వు లే అక్కణ్ణించి," అని అరిచాడు. "చచ్చినోడితో కాపురం నాకొద్దు. ఇంట్లో నేను బతికే ఉన్నా." జనం వాడి వంక తిరిగారు. ఎవడో తాగుబోతు అనుకుని ఇద్దరు కాలర్ పట్టుకున్నారు. వాడు లాటరీ నెంబర్లు చెప్పే ఓసెయి, వివియన్ మొగుడు.

"వెళ్ళమ్మా, వెళ్ళు," అన్నాడు బనహెనె బతిమాలుతూ. "అయ్య ఎదురు చూస్తన్నాడు."

ఆయన ఎదురు చూస్తున్నాడన్న మాటతో వివియన్‌కి వణుకు పుట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ అంత బాగా ఎప్పుడూ నటించలేదు, ఎందుకంటే అది నటన కాదు. వెనక్కి తిరిగి వరసల్లో వెతికింది. "ఫ్రెమా," అంది. "అక్కా, రా. నావల్ల కాదు."

వదిన బేసిన్ పట్టుకుని లేచింది. మూడో వరస నుంచి ముందుకి రావడానికి దారి లేదు, కాళ్ళన్నీ అడ్డం. జరగండయ్యా, జరగండయ్యా అనుకుంటూ వచ్చింది. జనం విసుక్కుంటూనే మోకాళ్ళు పక్కకి తిప్పారు. ఎవరో నీళ్ళు పోయడానికి వచ్చిన మనిషనుకున్నారు. ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసింది.

"ఇదిగో సబ్బు. నీ పీచు. తువ్వాలు ఉతికాను. దువ్వెనకి రెండు పళ్ళు విరిగినయ్, కొత్తది కొందామనుకున్నా, నువ్వు దీన్ని వదలవుగా. ఇది రుమాలు. మొహం తుడుచుకో." ఖాళీ బేసిన్ పక్కన పెట్టింది. "ఇక వెళ్ళు. నీకూ నాకూ అయిపోయింది. నా తలుపు కొట్టకు. తిరిగి రాకు."

అంతే. లేచింది. ఒక్క చుక్క కన్నీరు లేదు, గొంతు వణకలేదు. పందిళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి.

"తిరిగి రాకు అంటదేంది?" అన్నాడు నా పక్కనున్నవాడు నిష్ఠూరంగా. "అయ్య ఎప్పుడు రాలేదని?"

ఒపొకు పంతులు తల అడ్డంగా ఊపాడు. "పాపం, ఈవిడకి అనుభవం లేదు."

నేను ఏడ్చాను. నాకు సిగ్గనిపించలేదు. బ్రాగో మాత్రం వదిన భుజం పట్టుకుని దగ్గరికి తీసుకుంది, విధవ గుర్తుగా మెడలో నల్లతాడు వేసింది. అన్నని పెట్టెలోకి దించి మూశారు.

పన్నెండింటికి పూడ్చి వచ్చాం. మధ్యాహ్నం పందిళ్ళ కింద మళ్ళీ వరసలు తీరాయి. వివియన్ లేదు, ఓసెయి ఆవిణ్ణి టాక్సీ ఎక్కించి టాఫో తీసుకెళ్ళిపోయాడు. ఎర్రగుడ్డ చుట్టిన కుర్చీ ఖాళీగా ఉంది. బనహెనె దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు, మెడలో తీగలు సవరించుకున్నాడు, ఫోసు పెద్దాయన మొహం చూశాడు. పెద్దాయన ఇంకోవైపు చూశాడు. వదిన వచ్చి కూర్చుంది. రాళ్ళేమీ లేవలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఆమె ముందు కుర్చీలో వీపు ఆనించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు కడుపు నిండినట్టయింది.

జనం చేతులు పట్టుకుంటూ తిరగడం మొదలైంది. నేనూ వరసలో నిలబడ్డాను. నా ముందు సున్యాని నుంచి బస్సులో వచ్చినతను ఉన్నాడు. చొక్కా మీద అన్న మొహం, కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. వదిన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"అమ్మ ఏది? ఆవిడొచ్చేదాకా కుర్చీ కాస్తన్నావా?"

"ఆవిడ రాదు నాయనా."

"అయ్యో. అంత దూరం నించి వచ్చాను. నువ్వు అయ్యకి ఏమవుతావు పెద్దమ్మా?"

"ఇంట్లోదాన్ని."

"అయితే ఎంత అదృష్టం చేసుకున్నావో. సినిమాలన్నీ అందరికంటే ముందే చూసుంటావు."

"ఒక్కటీ చూడలేదు."

అతను నమ్మలేదు. చెయ్యి వదలకుండా వంగి ఆమె మొహంలోకి చూశాడు. "కుమాసిలో ఉండి అయ్య సినిమా చూడనిదానివా? ఎందుకని?"

"అన్నిట్లోనూ చచ్చిపోతాడటగా."

"అందుకే కదా చూడాల్సింది. చావడంలో అయ్యని కొట్టేవాడు పుట్టలేదు. ఊపిరి అలా మెల్లగా ఆగడం, వేళ్ళు ఒక్కొక్కటే వదులవడం. ఒక్కటన్నా చూసుండాల్సింది పెద్దమ్మా."

"ఒకటి చూశాను," అంది వదిన.

"ఏది?" అన్నాడతను ఆత్రంగా.

వదిన అతని చేతిలోంచి చెయ్యి మెల్లగా విడిపించుకుని నా వైపు చాచింది.